రేవు గోడకు ఆవలి లెక్క

న్యూఢిల్లీ: దేశ రాజధాని సముద్రానికి వందలాది మైళ్ల దూరాన ఉన్నది. పార్లమెంటు వీధిలోని పరివహన్ భవన్ నుంచి చూసేవారికి రేవులంటే ముఖ్యంగా అంకెలే. ఏటా ఎన్ని టన్నుల సరకు దిగింది, ఓడ బెర్తులో ఎన్ని గంటలు నిలిచింది, రాబడి ఎంత అన్నవే చాలా కాలంగా ఆ అంకెలు. కొన్నేళ్లుగా వాటి పక్కన మరొక వరుస వచ్చి చేరింది. టన్ను సరకుకు వెలువడిన బొగ్గుపులుసు వాయువు ఎంత, సౌర విద్యుత్తు వాటా ఎంత, నాటిన మొక్కలెన్ని అన్నది ఆ కొత్త వరుస. రేవులను నడిపే ప్రభుత్వ సంస్థలూ ప్రైవేటు కంపెనీలూ ఏటేటా అందమైన నివేదికలు అచ్చువేసి, ప్రకృతికి హాని కలగకుండా వ్యాపారం సాగించే తమ వ్యూహాన్ని అందులో వివరిస్తున్నాయి.

ఆ అంకెలను శంకించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఆ లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నదన్నదే ప్రశ్న. పరిశీలించి చూస్తే అది చాలావరకు రేవు ప్రహరీగోడ దగ్గర ఆగిపోతున్నదని తేలుతుంది. గోడకు ఆవల ఉన్న ఊరు, ఆ ఊరి గాలి, తీరపు ఇసుక, అక్కడి జాలరి బతుకు ఆ లెక్కలోకి రావడం లేదు.

ఇది మనకు సంబంధం లేని విషయం కాదు. దేశ విదేశీ వాణిజ్యంలో పరిమాణం రీత్యా 95 శాతం, విలువ రీత్యా 70 శాతం సముద్రం మీదుగానే సాగుతున్నది. 2024-25లో కేంద్రం అధీనంలోని ప్రధాన రేవులే సుమారు 85 కోట్ల టన్నుల సరకును ఎగుమతి దిగుమతి చేశాయి. కొత్త కొలతల ప్రకారం ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 1,053 కిలోమీటర్లు. విశాఖపట్నం, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులు పనిచేస్తుండగానే రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవుల నిర్మాణం చేపట్టారు. రేవుల లెక్క ఎవరు, ఎలా రాయాలన్న విషయంలో ఇంతకంటే ఆసక్తి చూపవలసిన రాష్ట్రాలు అట్టే లేవు.

హరిత సాగర సంకల్పం

ముందుగా ప్రభుత్వ పక్షం చెబుతున్నది వినాలి. 2021 మార్చిలో కేంద్రం ‘మారిటైమ్ ఇండియా విజన్ 2030’ అనే ప్రణాళికను వెల్లడించింది. 2023 మే 10న రేవుల శాఖ మంత్రి సర్బానంద సోనోవాల్ ‘హరిత్ సాగర్’ మార్గదర్శక సూత్రాలను విడుదల చేశారు. వీటి ప్రకారం టన్ను సరకుకు వెలువడే బొగ్గుపులుసు వాయువును 2030 నాటికి 30 శాతం, 2047 నాటికి 70 శాతం తగ్గించాలి. 2030 నాటికి రేవులు వాడే విద్యుత్తులో 60 శాతం సూర్యరశ్మి, గాలి వంటి తరగని వనరుల నుంచి రావాలి. క్రేన్లు, వాహనాలలో సగం డీజిలు వదలి విద్యుత్తుకు మారాలి. ఓడలను బెర్తుకు లాగి తెచ్చే టగ్గులను కాలుష్యం లేని ఇంధనానికి మార్చే కార్యక్రమం 2024 ఆగస్టులో ప్రారంభమైంది. జవాహర్‌లాల్ నెహ్రూ రేవు, కండ్లా, పారాదీప్, తూత్తుకుడి రేవులు మొదట చెరి రెండు టగ్గులు సమకూర్చుకోవాలన్నది ఆ కార్యక్రమంలోని తొలి మెట్టు.

ప్రైవేటు రంగమూ వెనుకబడలేదు. దేశంలో రేవుల మీదుగా సాగే సరకులో నాలుగో వంతుకు పైగా నిర్వహించే అదానీ పోర్ట్స్ సంస్థ 2025 నాటికి కర్బన తటస్థత సాధిస్తామని మొదట చెప్పి, తర్వాత 2040 నాటికి నికర శూన్య స్థితికి చేరడాన్ని లక్ష్యంగా ప్రకటించింది. గంగవరం, కృష్ణపట్నం రేవులు ఈ సంస్థ చేతిలోనే ఉన్నవని తెలుగు పాఠకులకు గుర్తుచేయనక్కరలేదు.

ఇవన్నీ వట్టి మాటలని కొట్టిపారవేయడం న్యాయం కాదు. విశాఖ రేవు 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పుకున్నది. పలు కంటైనర్ టెర్మినళ్లలో డీజిలు క్రేన్లను విద్యుత్తు క్రేన్లుగా మార్చారు. కండ్లా రేవులో 1 మెగావాటు హరిత హైడ్రోజన్ కేంద్రం 2025 జులైలో పనిచేయనారంభించింది. పైగా ఒక టన్ను సరకును ఒక కిలోమీటరు దూరం చేరవేయడానికి లారీకంటే, రైలుకంటే ఓడకు తక్కువ ఇంధనం సరిపోతుంది. లారీల మీద పోయే సరకు కోస్తా ఓడలకు మళ్లితే దేశానికి మేలే. రేవులు పెరగాలనేవారి వాదనలో ఈ మేరకు బలం ఉన్నది. దాన్ని ఒప్పుకున్న తర్వాతనే మిగిలిన ప్రశ్నలు వేయడం సబబు.

టన్నుకు తగ్గి మొత్తం మీద పెరిగితే

మొదటి ప్రశ్న కొలమానానికి సంబంధించినది. లక్ష్యం పెట్టింది ‘టన్ను సరకుకు’ వెలువడే వాయువు మీద. రేవు మొత్తం మీద వెలువడే వాయువుకు పరిమితి లేదు. 2047 నాటికి దేశ రేవుల సామర్థ్యాన్ని ఏటా 1,000 కోట్ల టన్నులకు పెంచాలని 2023 అక్టోబరులో విడుదలైన ‘అమృత్ కాల్’ ప్రణాళిక చెబుతున్నది. అది అప్పటి సామర్థ్యానికి రమారమి నాలుగు రెట్లు. సరకు కూడా అదే పాళ్లలో పెరిగిందనుకుందాం. టన్నుకు వెలువడే వాయువు 70 శాతం తగ్గినా, నాలుగు రెట్ల సరకు మీద మొత్తం ఇప్పటికంటే 20 శాతం ఎక్కువే అవుతుంది. లక్ష్యం నూటికి నూరుపాళ్లు నెరవేరి, వాయువు మాత్రం పెరుగుతుందన్న మాట. ఇది బడిపిల్లలు చేయగల గుణకారం.

సామర్థ్యం పెంచడమూ, టన్నుకు వాయువు తగ్గించడమూ రెండూ విధానాలే. రెండింటినీ పక్కపక్కన పెట్టి మొత్తం ఎంత అవుతుందో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఏ రేవు నుంచి ఏటా మొత్తం ఎంత వెలువడుతున్నదో ఒకే పద్ధతిలో లెక్కగట్టి పార్లమెంటు ముందుంచితే సభ్యులు గుణకారం తామే చేసుకోగలరు.

ఎవరి పొగ, ఎవరి పద్దు

రెండో ప్రశ్న పద్దుకు సంబంధించినది. అంతర్జాతీయంగా కంపెనీలు వాయువుల లెక్కను మూడు పద్దుల కింద రాస్తాయి. తాము స్వయంగా కాల్చిన ఇంధనం మొదటిది. తాము కొన్న విద్యుత్తు రెండోది. తమ వ్యాపారం మూలంగా ఇతరులు కాల్చినది మూడోది. కంపెనీల వాగ్దానాలు సాధారణంగా మొదటి రెండింటికే గట్టిగా వర్తిస్తాయి. రేవు విషయానికి వస్తే మూడో పద్దే పెద్దది. బెర్తులో నిలిచిన ఓడ పొగ ఓడ యజమానిది. గేటు బయట బారులు తీరిన లారీల పొగ లారీ యజమానులది. గుత్తకు తీసుకున్న టెర్మినల్ పొగ ఆ టెర్మినల్ కంపెనీది. ఎవరి పద్దు వారు చూపితే రేవు పక్క పేటలో నివసించే మనిషి పీల్చే గాలి ఎవరి పద్దులోనూ ఉండదు.

ఈ చిక్కు ఇటీవలి చట్టాల వలన మరింత బిగిసింది. 1963 నాటి ప్రధాన రేవుల ట్రస్టుల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ట్రస్టులు అథారిటీలుగా మారాయి. రేవు సంస్థ భూస్వామి వలె స్థలం, బెర్తులు గుత్తకిచ్చి అద్దె వసూలు చేసుకోవాలి, సరకు పని ప్రైవేటు సంస్థలు చూసుకోవాలి అన్నది ఇప్పటి విధానం. 2030 నాటికి ప్రధాన రేవుల సరకులో 85 శాతం ఈ పద్ధతిలోనే సాగాలని ప్రణాళికలో రాసుకున్నారు. అంటే అథారిటీ తన పద్దులో చూపవలసిన పొగ ఏటేటా తగ్గుతూ పోతుంది. పొగ తగ్గినందువలన కాదు, పని చేతులు మారినందువలన. గుత్తదారుల లెక్కను కూడా రేవు లెక్కలో కలపాలన్న నియమం ఖండితంగా లేకపోతే ఈ తగ్గుదలనే విజయంగా చాటుకునే వీలున్నది.

షేర్ మార్కెట్టును అదుపు చేసే సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద నివేదిక సమర్పించి తీరాలని నిర్దేశించింది. ఇది మంచి నిబంధన. అయితే షేర్ మార్కెట్టులో లేని రేవు అథారిటీలకు ఇది వర్తించదు. వర్తించే కంపెనీల విషయంలోనూ తమతో వ్యాపారం చేసే ఇతర సంస్థల వివరాలు ఇవ్వడం ఐచ్ఛికమని సెబీ 2025 మార్చిలో సడలించింది. ఆ నివేదికను చదివేది మదుపరి. రేవు గోడ పక్కన కాపురముండే కుటుంబం మదుపరి కాదు.

బెర్తులోని ఓడ సంగతే చూద్దాం. ఓడ కదలకుండా నిలిచినా దీపాలకు, పంపులకు, శీతల యంత్రాలకు విద్యుత్తు కావాలి. దాని కోసం ఇంజన్లు రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఒడ్డు నుంచి తీగ వేసి విద్యుత్తు అందిస్తే ఆ ఇంజన్లు ఆపవచ్చు. వినడానికి సులువే. కాని ప్రపంచంలోని ఓడలలో అత్యధికం సెకనుకు 60 ఆవర్తనాల విద్యుత్తుతో నడుస్తాయి. మన దేశంలో సరఫరా అయ్యేది 50 ఆవర్తనాలది. మధ్యలో దాన్ని మార్చే ఖరీదైన యంత్రాలు కావాలి. ఓడలలో తీగ తగిలించుకునే ఏర్పాటు ఉండాలి. విద్యుత్తు ధర ఓడ ఇంధనం కంటే గిట్టుబాటుగా ఉండాలి. ఓడలో ఏర్పాటు లేదని రేవు, రేవులో తీగ లేదని ఓడ ఒకదానినొకటి చూపుతూ కూర్చుంటే పని జరగదు. కాలిఫోర్నియాలో ఈ ప్రతిష్టంభనను ఛేదించినది చట్టం. అక్కడి కాలుష్య నియంత్రణ సంస్థ 2007లోనే నిబంధనలు చేసి, 2014 నుంచి అమలుపరచింది. ఐరోపా సమాజం తన ముఖ్య రేవులలో 2030 నుంచి కంటైనర్, ప్రయాణికుల ఓడలకు దీన్ని తప్పనిసరి చేసింది. కంపెనీల సద్బుద్ధికి వదిలిపెట్టిన చోట ఇంత వేగం కనిపించలేదు.

విశాఖ మీది ధూళి

వాయువు కంటికి కనిపించదు. ధూళి కనిపిస్తుంది. విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి పెద్ద ఓడలు వచ్చేటట్లు బాహ్య నౌకాశ్రయం 1976లో సిద్ధమైంది. లోపలి నౌకాశ్రయం నగరపు గుండెలో ఉన్నది. చుట్టూ కొండలు, మధ్య పళ్లెంలా నగరం. గాలి స్తంభించిన రోజున పొగయినా ధూళి అయినా అక్కడే తిరుగాడుతుంది. పాతనగరం, జ్ఞానాపురం ప్రాంతాలలో ఇంటి గడపకు, ఆరవేసిన బట్టకు, బియ్యం చాటకు బొగ్గు నలుసు అంటుకోవడం తరాలుగా ఎరిగిన కష్టం.

రేవు అధికారులు చేతులు ముడుచుకు కూర్చున్నారని అనలేము. గుట్టల మీద నీరు చల్లే యంత్రాలు, కప్పు ఉన్న గిడ్డంగులు, మూసి ఉంచిన కన్వేయర్ బెల్టులు, చెట్ల వరుసలు దశలవారీగా వచ్చాయి. ఏది ఎంత పనిచేసినదో మాత్రం పేటలోని గాలిని కొలిస్తేనే తెలుస్తుంది. టన్ను సరకుకు వెలువడిన వాయువు లెక్కలో ధూళికి చోటు లేదు. సౌర విద్యుత్తుతో కన్వేయర్ బెల్టు నడిస్తే నివేదికలో ఆ పని పూర్తిగా హరితమే. ఆ బెల్టు మీద నుంచి రాలిన బొగ్గు నలుసు జ్ఞానాపురం గృహిణి ఊడ్చుకోవలసినదే.

ఇంకొక సంగతి. దేశంలోని ప్రధాన రేవులలో దిగే సరకులో పెట్రోలు ఉత్పత్తులు, బొగ్గు అగ్రస్థానాల్లో ఉన్నాయి. ఒక టన్ను మేలు రకం బొగ్గు కాలితే 2 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దాన్ని కాల్చేది విద్యుత్ కేంద్రమే గాని రేవు కాదు. కాబట్టి రేవును నిందించడం తగదు. అయితే బొగ్గు రాబడి మీద ఆధారపడిన రేవు రేపు దేశం బొగ్గు తగ్గించుకుంటే తన బెర్తులను, కార్మికులను ఏం చేస్తుందన్నది నిజమైన దీర్ఘకాలిక వ్యూహంలో మొదటి అధ్యాయం కావాలి. కంపెనీ నివేదికలలో మొక్కల పెంపకానికి దక్కిన పుటలు ఈ ప్రశ్నకు దక్కడం లేదు.

ఇసుక ఆగదు

మన తూర్పు తీరంలో కెరటాల వాలును బట్టి ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఈ నడకకు అడ్డంగా రేవు కోసం రాతి గోడ కడితే గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన కొత్త ఇసుక రాక తీరం కోసుకుపోతుంది. 19వ శతాబ్ది చివరి పాదంలో మద్రాసు రేవు కట్టిన తర్వాత మెరీనా అంత విశాలం కావడానికి, రాయపురం, తిరువొత్తియూరు వైపు సముద్రం ఇళ్లను మింగడానికి కారణం ఇదే. ఒకే గోడ ఒకరికి విహారస్థలమై, ఇంకొకరికి నిలువనీడ లేకుండా చేసింది.

విశాఖ రేవు కట్టినవారికి ఈ సంగతి తెలుసు. ఇసుకను ఆపడానికి తొలినాళ్లలో జేనస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను తెచ్చి అక్కడ ముంచారు. బాహ్య నౌకాశ్రయం వచ్చిన తర్వాత దక్షిణాన మేట వేసిన ఇసుకను తవ్వి ఉత్తరాన నగర తీరానికి పోయడం ఆనవాయితీ అయినది. పూడికతీత ఆలస్యమైనా, చాలకపోయినా ఆర్కే బీచి కోతకు గురికావడం నగర పౌరులు చూస్తున్నదే. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో వీధులకు వీధులు సముద్రం పాలైనవి. అక్కడ కారణాలు అనేకం. నదులు మోసుకువచ్చే మట్టి తగ్గడం, తుపానులు, తీరంలోని కట్టడాలు అన్నీ కలిశాయి. ఏ కారణానిది ఎంత పాలు అన్నది తేల్చడం కష్టం. ఆ కష్టమే బాధ్యత తప్పించుకోవడానికి అందరికీ ఆసరా అవుతున్నది.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు దేశ ప్రధాన భూభాగ తీరాన్ని పరిశీలించి, అందులో మూడో వంతు కోతకు గురవుతున్నదని తేల్చింది. కేరళలోని విళింజం రేవు నిర్మాణం తమ తీరాన్ని కోస్తున్నదంటూ 2022లో మత్స్యకారులు నాలుగు నెలలకు పైగా ఆందోళన సాగించారు. రేవుతో కోతకు సంబంధం లేదని నిర్మాతలు, ఉన్నదని మత్స్యకారులు వాదించారు. రేవు 2025 మే 2న జాతికి అంకితమైంది. వాదం మాత్రం తేలలేదు. నిర్మాణానికి ముందు, తర్వాత ఏటేటా తీరపు కొలతలు తీసి బహిరంగంగా ప్రకటించే స్వతంత్ర యంత్రాంగం ఉంటే ఇటువంటి వివాదాలు వీధికెక్కవలసిన అవసరం తగ్గుతుంది.

వధావన్ చెప్పే పాఠం

పద్దులే కాదు, పేర్లు మార్చినా లెక్క మారుతుందనడానికి మహారాష్ట్రలోని వధావన్ ఉదాహరణ. ముంబయికి ఉత్తరాన దహాను తాలూకాను కేంద్రం 1991లో పర్యావరణ రీత్యా సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. సుప్రీంకోర్టు ఆదేశంతో 1996లో దాని రక్షణకు ఒక ప్రత్యేక అథారిటీ ఏర్పడింది. అప్పట్లో ఒక విదేశీ కంపెనీ ప్రతిపాదించిన రేవుకు ఆ అథారిటీ 1998లో అనుమతి నిరాకరించింది. ఆ ప్రాంతంలో తీవ్ర కాలుష్య పరిశ్రమలకు తావు లేదన్నది నియమం.

2020లో కేంద్ర పర్యావరణ యంత్రాంగం రేవులను ‘పారిశ్రామికేతర కార్యకలాపాల’ జాబితాలో చేర్చింది. 2023 జులైలో అదే దహాను అథారిటీ షరతులతో కొత్త రేవుకు ఒప్పుకున్నది. 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు దీనిపై వచ్చిన పిటిషన్లను కొట్టివేసింది. అదే ఏడాది జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం, ఆగస్టు 30న ప్రధాని చేతుల మీదుగా శంకుస్థాపన జరిగాయి. అంచనా వ్యయం 76,220 కోట్ల రూపాయలు. సముద్రంలో 1,448 హెక్టార్ల మేర మట్టి నింపి భూమి తయారు చేయాలి.

ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదని న్యాయస్థానం చెప్పింది. దానిని గౌరవించాలి. సహజంగా 20 మీటర్ల లోతున్న తీరం దేశానికి మరొకటి సులభంగా దొరకదన్న ప్రభుత్వ వాదన కూడా కాదనలేనిది. అయినా ఒక సామాన్యుని సందేహం మిగిలే ఉంటుంది. 1998కీ 2023కీ నడుమ సముద్రం మారలేదు, అక్కడి చేప మారలేదు, వల మారలేదు. మారినవి ప్రతిపాదన స్వరూపమూ, జాబితాలోని వర్గమూ. రేపు ఈ రేవు సౌర విద్యుత్తుతో, విద్యుత్ క్రేన్లతో నడిచి హరిత రేవుల వరుసలో అగ్రస్థానం పొందవచ్చు. ఆ బిరుదుకు వేసే మార్కులలో పోయిన చేపల మేతభూమికి ఒక్క మార్కు అయినా ఉంటుందా?

సముద్రానికి సరిహద్దు లేదు

రేవు గోడ వద్ద లెక్క ఆపితే ఏమవుతుందో మన పొరుగున శ్రీలంక చవిచూసింది. 2021 మేలో కొలంబో వద్ద ‘ఎక్స్‌ప్రెస్ పెర్ల్’ అనే కంటైనర్ ఓడ తగులబడి, జూన్‌లో మునిగిపోయింది. టన్నుల కొద్దీ ప్లాస్టిక్ గుళికలు లంక తీరాన్ని కప్పివేశాయి. కారుతున్న నైట్రిక్ ఆమ్లపు కంటైనర్‌ను దించుకోవలసిందిగా ఖతార్‌లోని హమద్ రేవునూ, గుజరాత్‌లోని హజీరా రేవునూ ముందే అడిగామనీ, రెండూ నిరాకరించాయనీ ఓడ నిర్వాహకులు చెప్పారు. ప్రమాదాన్ని తన గోడ దాటించిన రేవుకు ఆ రోజు లెక్క సరిపోయి ఉండవచ్చు. మూల్యం చెల్లించినది నెగొంబో ప్రాంతపు జాలర్లు. లంక సుప్రీంకోర్టు 2025 జులైలో 100 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది.

నాలుగేళ్లకు అటువంటిదే మన ముంగిట జరిగింది. విళింజం నుంచి కొచ్చికి బయలుదేరిన ‘ఎంఎస్‌సి ఎల్సా 3’ ఓడ 2025 మే 25న 640 కంటైనర్లతో మునిగింది. కేరళ తీరానికి ప్లాస్టిక్ గుళికలు కొట్టుకువచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ హైకోర్టుకు వెళ్లింది. ప్రమాదకర సరకుతో ఆపదలో ఉన్న ఓడకు ఏ రేవు ఆశ్రయమివ్వాలి, ఆ ఖర్చు ఎవరిది అన్నది దక్షిణాసియా దేశాలు కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

పార్లమెంటు చేయవలసినది

రాజ్యాంగం ప్రకారం ప్రధాన రేవులు కేంద్ర జాబితాలోనూ, మిగిలినవి ఉమ్మడి జాబితాలోనూ ఉన్నాయి. 1908 నాటి చట్టాన్ని తొలగించి భారత రేవుల చట్టం 2025లో వచ్చింది. ఓడల కాలుష్యానికి, ఓడలు మోసుకువచ్చే నిలువ నీటికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాలను ప్రతి రేవూ పాటించాలని, కాలుష్య నివారణకు, ఆపద సమయానికి ప్రణాళికలు సిద్ధం చేసుకోవాలని ఈ చట్టం నిర్దేశించింది. ఇది ముందడుగే. రాష్ట్రాల అధికారాలను కేంద్రం లాగేసుకుంటున్నదన్న విమర్శ కూడా వచ్చింది. కాని ఈ బిల్లు లోక్‌సభ ఆమోదం పొందిన ఆగస్టు 12న సభ బీహారు ఓటర్ల జాబితాల వివాదంతో దద్దరిల్లుతున్నది. ఆరు రోజుల తర్వాత రాజ్యసభ కూడా ఆమోదించింది. 117 ఏళ్ల తర్వాత మారిన చట్టానికి నిదానంగా ఒక్కొక్క క్లాజు మీద జరగవలసిన చర్చ జరగలేదు. ఓటర్ల జాబితా ముఖ్యమే. తీరవాసుల బతుకూ ముఖ్యమే. ఒకదాని కేకల్లో మరొకటి వినపడకుండా పోయింది.

చట్టం వచ్చినా నియమాలు, గుత్త ఒప్పందాల షరతులు, ఏటేటా అమలు అన్నవి పార్లమెంటు ప్రశ్నించదగిన అంశాలే. తెలుగు సభ్యులు పార్టీలకు అతీతంగా అడగవలసినవి నాలుగున్నాయి. ప్రతి రేవు తన గుత్తదారులను, బెర్తులోని ఓడలను, గేటు వద్ద లారీలను కలుపుకుని మొత్తం వాయువు లెక్క చెప్పాలి. రేవు చుట్టుపక్కల పేటలలో గాలి కొలతలు ప్రతిరోజూ ప్రజలకు తెలియాలి. రేవుకు ఉత్తరాన తీరం కోతను కొలిచి ఇసుక పోసే బాధ్యత గుత్త ఒప్పందంలోనే ఖర్చుతో సహా రాసి ఉండాలి. నాలుగోది భాషకు సంబంధించినది. పర్యావరణ అనుమతి కోసం బహిరంగ విచారణ జరిపేటప్పుడు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతున్నది. అనుమతి వచ్చిన తర్వాత ఆరునెలలకొకసారి సమర్పించే షరతుల అమలు నివేదికలు సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అనుమతి అడిగేటప్పుడు తెలుగు వచ్చిన కంపెనీకి, జవాబు చెప్పేటప్పుడు కూడా తెలుగు రావాలి.

ఇవేవీ రేవులను ఆపే కోరికలు కావు. మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేట ప్రజలు రేవు వద్దనడం లేదు. ఉద్యోగాలు, వ్యాపారం వస్తాయని దశాబ్దాలుగా ఎదురుచూసిన ప్రాంతాలివి. కొత్త రేవుల విషయంలో ఒక సౌలభ్యం ఉన్నది. విశాఖలో వలె తరాల తర్వాత దిద్దుకోవలసిన పని లేకుండా మొదటి రోజునే లెక్క సరిగా మొదలుపెట్టవచ్చు. ఇప్పటి తీరపు గీత ఎక్కడున్నదో, గాలిలో ధూళి ఎంతున్నదో, ఎన్ని తెప్పలు ఏ రేవు నుంచి వేటకు పోతున్నవో నేడే నమోదు చేసి పెడితే, ఇరవై ఏళ్ల తర్వాత లాభనష్టాలు తేల్చడానికి ఎవరి మాటనూ నమ్మవలసిన అవసరం ఉండదు. ఆ నమోదుకు కావలసినవి కొలబద్ద, కాగితం, అడిగే ప్రజాప్రతినిధి. మొదటి రెండూ చవకే.